చెయ్యి పెట్టిన చోటు

మదనపల్లె నుంచి ములకలచెరువు మీదుగా కదిరికి పోయే 42వ నంబరు జాతీయ రహదారికి అటూ ఇటూ ఉన్న పల్లెల్లో టమోటా డబ్బులతో కొన్న కార్లు చాలానే కనబడతాయి. పెద్దమండ్యం వైపూ అంతే. కారు కొనడం సులువైంది గానీ, చెడిన కారును నమ్మకంగా చూపించుకోవడం ఇంకా సులువు కాలేదు. కంపెనీ సర్వీసు సెంటరంటే దూరం, ఖర్చు. దారి పక్క షెడ్డంటే దగ్గర, చవక. అక్కడ పనంతా నోటిమాట మీద నడుస్తుంది. ఆ షెడ్లలో చాలామంది చిన్నప్పుడే పానా పట్టి, మేస్త్రి చేతి కింద నేర్చుకున్నవాళ్ళు. వాళ్ళ పనితనం మీద నాకు గౌరవం ఉంది. అయినా అప్పుడప్పుడూ బండి ఒక కంప్లెయింటుతో షెడ్డులోకి పోయి ఇంకో కంప్లెయింటుతో బయటికొస్తుంది. అప్పుడేం చెయ్యాలనే దాని మీద ఈ ప్రాంతంలో రెండు వాదాలున్నాయి. వాటిని ఒక మామ నోట, ఒక అల్లుడి నోట పెడుతున్నాను.

మామ పెద్దమండ్యం రైతు. అల్లుడు మదనపల్లెలో మెకానిక్కు. బండి పదేళ్ళు దాటిన పెట్రోలు కారు: నాలుగు సిలిండర్లు, టైమింగ్ బెల్టు ఇంజను. టౌనులో ఒక షెడ్డులో బెల్టు, వాటర్ పంపు మార్పించి ఎనిమిదిన్నర వేలు కట్టి తెచ్చుకున్నాడు మామ. కథ అక్కణ్ణించి మొదలు.

మామ: ఇంగ చూడాల్సింది ఏముండాది అల్లుడూ? ఇచ్చేనాటికి బండి బాగా పోతా ఉండె. బెల్టుకు కాలం తీరింది, మార్చుకో అన్నారు, మార్పించినాను. తెచ్చుకున్నాక చిన్న మిట్ట ఎక్కాలన్నా సెకండ్ గేరుకు రావాల్సొస్తా ఉండాది. నిలబెడితే స్టీరింగు వణుకుతాది. లీటరుకు పదహారు ఇచ్చేది పదకొండు ఇస్తా ఉండాది. చెడగొట్టినాడు. అంతే.

అల్లుడు: చెడగొట్టినాడేమో మామా, నేను కాదనడం లేదు. ఏం చెడగొట్టినాడో చెప్పు.

మామ: అది చెప్పాల్సింది నువ్వు. మెకానిక్కువు నువ్వా, నేనా?

అల్లుడు: నేను చెప్పాలంటే చూడాల. చూడకముందే నువ్వు తీర్పు చెప్పేసినావు. ఆయన చేసినాక చెడింది అనేది ఒక మాట, ఆయన చేసినందువల్ల చెడింది అనేది ఇంకో మాట. కాకి వాలినప్పుడే తాటిపండు రాలిందనుకో, కాకే రాల్చిందని చెప్పలేం గదా.

మామ: ఆ కాకి ఒకటిన్నర రోజు చెట్టు మీదనే కూర్చుని, మొవ్వంతా కెలికి, ఎనిమిదిన్నర వేలు తీసుకుని దిగింది. దాన్ని అడగకుండా ఎవుర్ని అడగాల?

అల్లుడు: దాన్నే అడుగుదాం. అందుకే కెలికిన చోటు నుంచే మొదలుపెడదాం అంటా ఉండా. అది సరే, ఆయన కాక ఇంకెవురికైనా చూపించినావా?

మామ: బి.కొత్తకోటలో ఒకాయనకు చూపించినా. బానెట్ ఎత్తి, రెండుసార్లు రేసు చేసి, హెడ్ దించాల, ఇరవై అయిదు వేలు అయితాది అన్నాడు. ఒప్పుకుందామనుకున్నా. చేతిలో డబ్బుల్లేక ఆగినా.

అల్లుడు: ఆగడమే మంచిదైంది. హెడ్ దించాలంటే బెల్టు తియ్యాల. బెల్టు తీస్తే, మొదటాయన దాన్ని ఎట్ల బిగించినాడో చూపించే గుర్తు అక్కడికక్కడే పోతాది. రెండో మెకానిక్కు పానా తిప్పిన ప్రతిసారీ మొదటి మెకానిక్కు తప్పు కొంత చెరిగిపోతాది. ఆ తర్వాత నువ్వు ఎవుర్ని అడిగినా, వాళ్ళు ఇంకొకర్ని చూపిస్తారు.

మామ: అంటే బాగుచేయించుకోకుండా పెట్టుకుని కూర్చోమంటావా? కాయ కోతకొచ్చింది. పొద్దున్నే యార్డు కాడికి పోవాల. నేనేమన్నా సాక్ష్యాలు కాపాడను పుట్టినానా?

అల్లుడు: కూర్చోమనలేదు మామా. ఒక పూట నాకియ్యి. పానా ముట్టకుండా ఎంత తెలుసుకోవచ్చో అంత తెలుసుకుందాం. ఒక్కొక్క కొలతా రాసుకుందాం, ఫోటో తీసుకుందాం. ఆ తర్వాతే ఏదైనా విప్పేది.

మామకు ఆ ఒక పూట ఇవ్వడం ఎందుకంత బరువో టమోటా పండించే వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. 2023 జూలైలో మదనపల్లె యార్డులో కిలో రెండొందలకు దగ్గరగా పోయింది. అదే యార్డులో కోత కూలి కూడా రాని రోజులూ వస్తాయి. రేటున్న రోజు బండి కదలకపోతే పోయే డబ్బు మెకానిక్కు బిల్లులో ఎక్కడా కనబడదు.

అల్లుడు: ఈ పనికి ఏమేమి విప్పి ఉంటాడో ముందు చెప్తా, విను. బ్యాటరీ నెగటివ్ తీస్తారు. ఆల్టర్నేటరు బెల్టు తీస్తారు. ఇంజను కింద జాకీ పెట్టి కుడిపక్క మౌంటింగ్ విప్పుతారు, లేకపోతే బెల్టు బయటికి రాదు. క్రాంకు పుల్లీ తీస్తారు. దాని పక్కనే క్రాంకు సెన్సరు వైరు ఉంటాది. పంపు మార్చినాడు కాబట్టి కూలెంటు దించినాడు. చెయ్యి అడ్డమొస్తాదని ఒకటో రెండో రబ్బరు పైపులు ఊడదీసి ఉంటాడు. నీ బండి వణికేదానికి వీటిల్లో ఏదైనా సరిపోతాది. మౌంటింగ్ బోల్టు ఒకటి వదులుగా ఉంటే ఇంజను బాగుండి కూడా స్టీరింగు వణుకుతాది. బ్యాటరీ తీసి పెట్టినాక కొన్ని బండ్లు స్లో ఎంత ఉండాలో మర్చిపోతాయి, నాలుగు రోజులు నడిస్తే మల్ల నేర్చుకుంటాయి. ఇంటేకు పైపు ఒకటి సరిగ్గా కూర్చోకపోతే లెక్కలేని గాలి లోపలికి పోతాది, మిస్సింగు వస్తాది. ఇవన్నీ పది నిమిషాల పనులు. ఇవి చూడకుండా హెడ్ దించమన్నాడంటే ఆయనకు ఇంజను గొంతు తెలీదని కాదు, ఓపిక లేదు.

మామ: ఇంత చెప్పే బదులు స్కానరు పెట్టొచ్చు గదా? బెంగుళూరులో మా తమ్ముని కొడుకు అంటాడు, వైరు గుచ్చితే ఏం పోయిందో అదే చెప్తాదంట.

అల్లుడు: స్కానరు తెచ్చినాను, పెడదాం. అయితే అది చెప్పేది సెన్సరుకు తెలిసింది మాత్రమే. పీ0301 అని వస్తే ఒకటో సిలిండరు మిస్సవుతా ఉందని అర్థం. ప్లగ్గు పోయిందా, ఇంజెక్టరు పోయిందా, వాల్వు పోయిందా అది చెప్పలేదు. పీ0016 వస్తే క్రాంకుకూ క్యాంకూ పొత్తు కుదరడం లేదని. బెల్టు తప్పిందా, సెన్సరు తప్పిందా, వైరు తెగిందా అది మనమే తేల్చుకోవాల. కోడు చూసి పార్టు మార్చేవాడు మన డబ్బుతో పరీక్ష రాస్తా ఉన్నట్టే.

స్కానరు పెట్టారు. కోడు ఒక్కటీ లేదు. కోడులు చెరిపినప్పటి నుంచి బండి ఎంత దూరం నడిచిందో చెప్పే అంకె కొన్ని బండ్లలో దొరుకుతుంది. ఈ బండిలో దొరికింది: 340 కిలోమీటర్లు. షెడ్డు నుంచి తెచ్చుకున్నప్పటి నుంచి తిరిగిన దూరమూ అంతే.

మామ: చూస్తివా! తప్పు చేసి, దాన్ని చెరిపేసి పంపించినాడు. ఇంతకన్నా ఏం కావాల?

అల్లుడు: కాదు మామా. బ్యాటరీ తీసినా చాలా బండ్లలో ఈ అంకె సున్నాకొస్తాది. ఈ పనికి బ్యాటరీ తియ్యడం సరైన పద్ధతి. తియ్యకుండా చేసుంటే తిట్టాల. ఆ అంకె మనకు చెప్పేది తేదీ ఒక్కటే. దొంగతనం చెప్పదు.

మామ: నీదీ ఆయనదీ ఒకే కులవృత్తి. మెకానిక్కును మెకానిక్కు ఎప్పుడైనా పట్టిచ్చినాడా?

అల్లుడు: పట్టిచ్చేదానికే వచ్చినా. అయితే అబద్ధంతో పట్టిస్తే ఆయన తప్పించుకుంటాడు. నువ్వు చెరిపేసినావని నువ్వు పోయి అరుస్తావు. బ్యాటరీ తీసినానయ్యా అని ఆయన అంటాడు. చుట్టూ ఉన్నోళ్ళు అవునంటారు. ఒక్క తప్పుడు మాటతో నీ మిగతా మాటలన్నీ పలచబడతాయి.

నా మాట కూడా ఇక్కడ చెప్పాలి. ఒకే వృత్తివాళ్ళు ఒకర్నొకరు కాపాడుకుంటారన్న అనుమానం ఊరికే పుట్టలేదు, దానికి కారణాలున్నాయి. కానీ సాటివాడి తప్పును సరిగ్గా పట్టగలిగేది కూడా ఆ వృత్తివాడే. ఏ పని ఎలా చెయ్యాలో తెలిసినవాడికే ఎక్కడ చెయ్యలేదో కనబడుతుంది.

మౌంటింగ్ బోల్టులు గట్టిగానే ఉన్నాయి. ఎర్తు వైరు సంగతి మీటరుతో చూశారు: సెల్ఫ్ కొడుతుండగా ఇంజను దిమ్మెకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య 0.1 వోల్టు. బాగానే ఉన్నట్టు. స్లోలో ఉంచి ఇంటేకు పైపుల మీద సన్నగా నీళ్ళు చల్లారు, చప్పుడు మారలేదు. కార్బ్ క్లీనరు చల్లే అలవాటు చాలామందికి ఉంది. వేడి ఇంజను మీద అది మంట పట్టుకుంటుంది కాబట్టి నీళ్ళే మేలు. తర్వాత ఒక్కొక్క ఇంజెక్టరు కనెక్టరూ ఊడదీసి పెట్టి చూశారు. నాలుగింటికీ చప్పుడు ఒకే రకంగా పడిపోయింది.

అల్లుడు: ఒక్క సిలిండరు పోయి ఉంటే, దాని కనెక్టరు తీసినప్పుడు తేడా రాకూడదు. నాలుగూ పని చేస్తా ఉండాయి, నాలుగూ నీరసంగా చేస్తా ఉండాయి. కాబట్టి ప్లగ్గు కాదు, ఒక ఇంజెక్టరు కాదు, ఒక వాల్వు కాదు. నాలుగింటికీ ఉమ్మడిగా ఉండేది ఏదో తప్పింది.

మామ: ఉమ్మడిగా ఉండేది ఏంది?

అల్లుడు: గాలి, పెట్రోలు, టైమింగు. దానికే కంప్రెషన్ చూడాల. ముందు బ్యాటరీ చార్జింగ్ పెడతా. సెల్ఫ్ నిదానంగా తిరిగితే నాలుగు సిలిండర్లూ తక్కువే చూపిస్తాయి, మనం మోసపోతాం. యాక్సిలరేటరు పూర్తిగా నొక్కి పట్టుకో. గాలి పోకపోయినా తక్కువే వస్తాది.

అంకెలు రాసుకున్నారు: 132, 130, 133, 128. ఈ ఇంజనుకు పుస్తకంలో ఉన్నది 180 పీఎస్‌ఐ.

మామ: నూటెనభై ఉండాల్సింది నూటముప్పై. ఇంజను పోయినట్టే గదా? ఆ కొత్తకోటాయన హెడ్ అన్నది నిజమేనేమో.

అల్లుడు: పుస్తకం అంకె సముద్రమట్టానికి రాస్తారు మామా. మదనపల్లె సుమారు ఏడొందల మీటర్ల ఎత్తులో ఉండాది. ఇక్కడ గాలే ఎనిమిది శాతం పలచన. ఇక్కడికి నూటెనభై అంటే దగ్గరదగ్గర నూటఅరవైఅయిదు. హార్స్‌లీ కొండ మీద చూస్తే ఇంకా తగ్గుతాది. ఆ లెక్క తీసేసినా మనది ముప్పైకి పైగా తక్కువ. అదీ నాలుగింటికీ ఒకే రీతిలో. హెడ్ గ్యాస్కెట్ పోతే సాధారణంగా పక్కపక్క రెండు సిలిండర్లు పడిపోతాయి. రింగులు అరిగితే ఒక్కొక్కటి ఒక్కొక్క రకంగా అరుగుతాయి. ఉండు, ఆయిలు పోసి చూద్దాం. ప్లగ్గు బొక్కలో ఒక చెంచా ఆయిలు పోసి మల్ల కొడితే, రింగులదే తప్పయితే అంకె బాగా ఎగరాల. చూడు, నూటముప్పై నుంచి నూటముప్పైఏడు. రింగులు కాదు.

మామ: మల్ల?

అల్లుడు: వాక్యూం గేజీ గూడా పెడతా. సముద్రమట్టం కాడ మంచి ఇంజను స్లోలో పదిహేడు నుంచి ఇరవైఒక అంగుళాలు చూపిస్తాది. వెయ్యడుగులకు ఒక అంగుళం తగ్గించుకోవాల, మనకు రెండు. అంటే పదిహేను పైన ఉండాల. ఇక్కడ పన్నెండున్నర కాడ ముల్లు కదలకుండా నిలబడింది. వాల్వు కాలితే ముల్లు కొట్టుకుంటాది. గాలి లీకు ఎక్కడా లేదని ముందే చూసినాం. ముల్లు నిలకడగా ఉండి తక్కువగా ఉందంటే వాల్వులు తెరుచుకునేది, మూసుకునేది ఆలస్యమవుతా ఉండాది. నాకు తెలిసి బెల్టు ఒక పన్ను వెనక్కి పడింది.

మామ: ఒక్క పన్నుకే ఇంత తేడానా?

అల్లుడు: క్రాంకు పుల్లీకి ఇరవై పళ్ళు ఉంటాయనుకో. ఒక పన్ను అంటే పద్దెనిమిది డిగ్రీలు. ఇంటేకు వాల్వు మూసుకోవాల్సిన దానికన్నా పద్దెనిమిది డిగ్రీలు ఆలస్యంగా మూసుకుంటే, పిస్టను పైకొచ్చేటప్పుడు పీల్చిన గాలిలో కొంత వచ్చిన దారినే ఎనక్కి పోతాది. నొక్కేదానికి గాలి తక్కువ. అదే నీ నూటముప్పై. కింది ఊపులో పికప్ ఉండదు, మిట్ట ఎక్కదు. అన్నిటికీ ఒకటే కారణం సరిపోతా ఉండాది.

మామ: బెల్టు వేసేటోడికి ఇది తెలీదా?

అల్లుడు: తెలుసు. గుర్తులు కలిపే వేస్తాడు. టెన్షనరు వదిలినప్పుడు బెల్టు ఒక పక్కకు లాగి ఒక పన్ను జారుతాది. అందుకే బెల్టు బిగించినాక క్రాంకును చేత్తో రెండు చుట్లు పూర్తిగా తిప్పి, గుర్తులు మల్ల కలిసినాయా లేదా చూడాల. క్రాంకు రెండు చుట్లు తిరిగితేనే క్యాం ఒక చుట్టు తిరుగుతాది. మా మేస్త్రి నేర్పించిన మొదటి కట్టుబాటు అది. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు ఆయన చెయ్యలేదని నేననుకుంటా ఉండా. అది తప్పే మామా. నేనేమీ వెనకేసుకు రాను.

మామ: అప్పుడు మైలేజీ పడిపోయిందీ దీనికే గదా? మొత్తం ఆయన లెక్కలోకే రాయి.

అల్లుడు: మొత్తం రాయలేను. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. లీటరు ఇథనాల్లో ఉండే శక్తి లీటరు పెట్రోల్లో ఉండేదానికన్నా మూడో వంతు తక్కువ. పాత కాలం బండ్లకు దీనివల్ల ఆరేడు శాతం మైలేజీ తగ్గొచ్చని నీతి ఆయోగే 2021లో రాసింది. పదహారుకు ఆరేడు శాతం అంటే ఒక కిలోమీటరు. నీ పదహారు ఎప్పటి లెక్క?

మామ: రెండు మూడేండ్ల ముందుది. అప్పుడు తిరుపతికి పోయినప్పుడు రాసిపెట్టుకున్నది.

అల్లుడు: అయితే ఆ ఒక కిలోమీటరు పెట్రోలుది. మిగతా నాలుగూ టైమింగుదే అని నేను నమ్ముతా. కానీ బెల్టు సరిగ్గా వేసి, బండిని మల్ల తోలి చూస్తే గానీ ఖాయంగా చెప్పలేను. ఒకటి సరిచేసినప్పుడు అది పోతే, దానివల్లే అని తేలుతాది. అందుకే ఒక్కసారికి ఒక్కటే మారుద్దాం. బెల్టుతో పాటు ప్లగ్గులూ ఫిల్టరూ అన్నీ మార్చేస్తే బండి బాగుపడుతాది గానీ, దేనివల్ల బాగుపడిందో ఎవురికీ తెలీదు.

ఇక్కడ చాలాసేపు మామ మాట్లాడలేదు. తర్వాత అతనన్నది నాకు ఈ వాదంలో అన్నిటికన్నా బరువైన మాటగా తోచింది.

మామ: సరే, నీ లెక్క ఒప్పుకుంటా. కానీ ఇదంతా చెయ్యను నీలాంటి అల్లుడు ఒకడు, గేజీలు, స్కానరు, ఒక పూట కావాల్సొచ్చింది. అల్లుడు లేనోడు ఏం చేస్తాడు? బండిని తలుపేసుకుని విప్పినవాడు ఆయన. ఏం విప్పినాడో రాయలేదు. పాత బెల్టు చూపించలేదు. కొత్త బెల్టు ఏ కంపెనీదో చెప్పలేదు. చేసేటప్పుడు నన్ను బయట కూర్చోబెట్టినాడు. ఇప్పుడు రుజువు మాత్రం నేను తేవాల్నా? ఇదెక్కడి న్యాయం?

అల్లుడు: అది న్యాయం కాదు. దానికి నా కాడ జవాబు లేదు.

మామ: కోర్టులూ అదే అంటాయంట. మా అమ్మాయి లా చదువుతా ఉండాది గదా, చెప్పింది. సేవలో లోపముందని చూపించాల్సింది ఫిర్యాదు చేసినోడేనని 2021లో సుప్రీంకోర్టు చెప్పిందంట. కానీ ఇంకో మాట గూడా చెప్పింది. 2010లో హైదరాబాదు ఆసుపత్రి కేసు ఒకటి. ఒకామెకు మలేరియా ఉంటే టైఫాయిడ్ మందులిచ్చినారు, ఆమె చనిపోయింది. జిల్లా ఫోరం భర్తకు రెండు లక్షలు ఇమ్మంది. నిపుణుడి సాక్ష్యం లేదని పైవాళ్ళు కొట్టేసినారు. సుప్రీంకోర్టు మల్ల నిలబెట్టింది. ప్రతి కేసుకూ నిపుణుడు అక్కర్లేదు, కొన్నిట్లో జరిగిందే సాక్ష్యం చెప్తాది అనింది. నా బండి గూడా సాక్ష్యం చెప్తా ఉండాది గదా?

అల్లుడు: చెప్తా ఉండాది. ఆ కేసులో ఇంకొకటి గూడా ఉండాది మామా. మలేరియాకు మేం వైద్యం చెయ్యలేదని ఆ ఆసుపత్రి డాక్టరే ఒప్పుకున్నాడు. నువ్వు చెప్పే జరిగిందే సాక్ష్యం అక్కడ నోటిమాట కాదు, రికార్డుకెక్కింది. నీ కాడ ఏం రికార్డు ఉండాది? బిల్లు తీసుకున్నావా?

మామ: అడిగినా. బిల్లు కావాలంటే జీఎస్టీ పద్దెనిమిది శాతం పడుతాదన్నాడు. పదిహేనొందలు ఎందుకు పోగొట్టుకోవాలని వద్దన్నా.

అల్లుడు: ఎనిమిదిన్నర వేలకు 1,530 రూపాయలు. దాని కోసం కాగితం వదులుకున్నావు. ఇంకొకటి చెప్తా: ఏడాదికి ఇరవై లక్షల లోపు పనిచేసే సేవల షెడ్డుకు జీఎస్టీ రిజిస్ట్రేషనే అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ లేనోడు పన్ను వసూలు చెయ్యకూడదు, మామూలు బిల్లు ఇస్తే చాలు. బిల్లంటే పన్ను అనే భయంతోనే మన దగ్గర సగం పనులు గాల్లో జరుగుతా ఉండాయి. డబ్బులు ఎట్ల ఇచ్చినావు?

మామ: ఫోన్‌పేలో.

అల్లుడు: తేదీ, మొత్తం, ఎవరికి పోయిందీ అన్నీ ఉంటాయి. అది కాగితంతో సమానం. బండి అయిపోయిందని ఆయన వాట్సప్‌లో పెట్టినాడా?

మామ: పెట్టినాడు. బెల్టు, పంపు, లేబరు అని రాసి.

అల్లుడు: ఇంగ నీకు రికార్డు లేదనుకోవద్దు. ఏ పని చేసినాడో ఆయనే రాసిచ్చినాడు. ఇవాళ మనం రాసుకున్న అంకెలు, తేదీతో తీసిన ఫోటోలు ఉండాయి. వినియోగదారుల కమిషన్‌కు పోవాలంటే రెండేండ్ల లోపు పోవచ్చు. 2019 చట్టం వచ్చినాక మనం కాపురముండే జిల్లాలోనే వేసుకోవచ్చు. అయిదు లక్షల లోపు పనికి ఫీజు గూడా లేదు. ముందు 1915కు ఫోన్ చేసినా ఫిర్యాదు రాసుకుంటారు. కానీ నేను చెప్పేది ఆ మెట్టు ఎక్కకముందు ఇంకొక మెట్టుంది.

మామ: పోయి బతిమాలుకోవాల్నా?

అల్లుడు: బతిమాలడం కాదు. టైమింగ్ కవరు ఇంకా మూసే ఉండాది. ఆయన మూసిన కవరే. దాన్ని ఆయన ముందే తెరుద్దాం. గుర్తులు కలవకపోతే ఆయన కండ్లతో చూస్తాడు, మాట్లాడేదానికి ఏముండదు. కలిసినాయనుకో, నా లెక్క తప్పు, నేనూ చూస్తా. ఇక్కడ ఇప్పుడు నేనొక్కణ్ణే తెరిస్తే, నువ్వే ఒక పన్ను జరిపినావని ఆయన అంటే నీకూ నాకూ జవాబు లేదు.

మామ: గుర్తులు తప్పినాయని తేలితే?

అల్లుడు: ఆయన లేబరు లేకుండా సరిచెయ్యాల. బెల్టు ఒకసారి తీసింది కాబట్టి కొత్త బెల్టు ఆయనే వెయ్యాల. దాని నంబరు బిల్లు మీద రాయాల, పాత బెల్టు నీ చేతికియ్యాల. ఈసారి రెండు చుట్లు తిప్పి గుర్తులు చూసేటప్పుడు నువ్వు పక్కనే నిలబడు. మల్ల కంప్రెషన్ చూద్దాం, నూటఅరవై దాటాల.

మామ: అంతేనా? నా పెట్రోలు? నేను పోగొట్టుకున్న రెండు యార్డు రోజులు? ఆయన చేతిలో నా బండి మల్ల పెట్టమంటావా? ఒకసారి రెండు నిమిషాలు ఓపిక లేనోడికి రెండోసారి ఎక్కడి నుంచి వస్తాది? నాకు డబ్బులు వెనక్కి కావాల. పని ఇంకొకరు చెయ్యాల.

అల్లుడు: అడుగు. అడిగే హక్కు నీకుండాది. నేనైతే సరిచేసుకునే అవకాశం ఒకటి ఇస్తా. ఆ అవకాశం ఇచ్చినావని కమిషన్‌లో గూడా నీకు మేలే.

మామ: నువ్వు ఆయన కండ్లతో చూస్తా ఉండావు. నేను నా జేబుతో చూస్తా ఉండా. ఇది మనకు కుదరదు అల్లుడూ.

అల్లుడు: కుదరకపోతే పోనీ. కవరు తెరిచేదాకా కలిసి పోదాం, అక్కణ్ణించి నీ ఇష్టం.

ఈ ఒక్క చోట నేను మామ పక్షం. సరిచేసే అవకాశం ఇవ్వమనడం మంచి మాటే. కానీ ఆ అవకాశం అడగాల్సింది తప్పు చేసినవాడు. పోగొట్టుకున్నవాడి దగ్గర దాన్ని ముందే వసూలు చెయ్యడం సరికాదు. షెడ్డు నడిపేవాళ్ళు ఒక రూల్డ్ పుస్తకం పెట్టుకుని, వచ్చిన కంప్లెయింటు, విప్పిన భాగాలు, వేసిన పార్టు నంబరు, చివర చూసిన కొలత, ఇవి నాలుగు వరుసల్లో రాసి ఒక ఫోటో కస్టమరు ఫోనుకు పంపితే, రేపు తగువొస్తే అది వాళ్ళకే కాపుదల. సరిగ్గా పనిచేసిన మేస్త్రికి ఇవాళ తన పని చూపించుకునే ఆధారమే లేదు. బెల్టు సరిగ్గా వేసి, ఆ తర్వాత వేరే కారణంతో బండి చెడితే ఆ నింద కూడా అతని మీదే పడుతుంది.

మామ: పిలిస్తే వస్తాడా? రాకపోతే?

అల్లుడు: వాట్సప్‌లోనే పిలువు. ఫలానా రోజు, ఫలానా టైముకు కవరు తెరుస్తా ఉండాం, రా అని. రాకపోతే పిలిచినట్టు అక్కడే ఉంటాది.

మామ: అప్పుడు నువ్వు తెరుస్తావు గదా?

అల్లుడు: నేను తెరవకూడదు. నేను నీ అల్లుణ్ణి, నా మాట ఎవురూ లెక్కబెట్టరు. ఐటీఐలో మోటారు మెకానిక్కు ట్రేడు చెప్పే సారు ఒకాయన నాకు తెలుసు. ఆయన ముందు, ఇంకో షెడ్డు మేస్త్రి చేత తెరిపిద్దాం. నువ్వు వీడియో తియ్యి. సారును ఒక కాగితం మీద చూసింది రాసి సంతకం పెట్టమందాం.

మామ: అంతదాకా బండి?

అల్లుడు: స్టార్టు చెయ్యద్దు. ఒక పన్ను జారిన బెల్టు టెన్షన్ సరిగ్గా లేకుంటే ఇంకో రెండు జారొచ్చు. కొన్ని ఇంజన్లలో అట్ల జారితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. అప్పుడు నిజంగానే హెడ్ దించాల, ఆ కొత్తకోటాయన మాట నిజమవుతాది, అదీ నీ నెత్తిన పడుతాది. కోతకు నా బండి తీసుకుపో. దీన్ని టౌనుకు లాగించుకునే ఆటో ఖర్చు ఎంతయినా, ఆ రసీదు జాగ్రత్త పెట్టు.

మామ: రసీదు ఇస్తాడా ఆటోవాడు?

అల్లుడు: ఫోన్‌పే చెయ్యి మామా.